జవాబు చెప్పకూడని ఉద్యోగం: కాన్సాస్ సిటీలో ఎస్ఐ లీడర్‌గా నా అనుభవం

అమెరికాకి మాస్టర్స్ కోసం వచ్చేవాళ్ల అనుభవాలు తెలుగులో కావలసినన్ని దొరుకుతాయి. ఇంటర్ అయిపోగానే బ్యాచిలర్స్‌కి వచ్చినవాళ్లు రాసినవి తక్కువ. మొదటి ఏడాది ఏదైనా సబ్జెక్టు మింగుడుపడకపోతే యూనివర్సిటీ ఏం చేస్తుంది, ఎవరినైనా పెట్టి చెప్పిస్తుందా, ట్యూషన్‌కి డబ్బులు కట్టాలా అని జూనియర్లు అడుగుతుంటారు. మా యూనివర్సిటీలో ఆ సహాయాన్ని ఎస్ఐ అంటారు, అంటే కష్టమైన కోర్సులకి సీనియర్ విద్యార్థి ఒకరు నడిపే గ్రూప్ సెషన్లు. నేను ఆ సహాయం తీసుకున్నాను, తర్వాత అదే సహాయం చేసే ఉద్యోగంలో చేరాను. రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి రాస్తున్నాను.

మాది హనుమకొండ. బైపీసీ హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉండి చదివాను. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్‌కి ఇంకో ఏడాది పెట్టడం ఇష్టంలేక బయాలజీ బ్యాచిలర్స్‌కి యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరి–కాన్సాస్ సిటీలో చేరాను. అందరూ యూఎంకేసీ అంటారు. పేరులో కాన్సాస్ ఉన్నా యూనివర్సిటీ ఉన్నది మిస్సోరి రాష్ట్రంలో. ఈ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ ఎక్కలేదు, అడ్రస్ చెప్పిన ప్రతిసారీ మళ్లీ మొదట్నుంచి చెప్పాలి.

మొదటి సెమిస్టర్లోనే జనరల్ కెమిస్ట్రీ తగిలింది. సిలబస్ చూసి నవ్వొచ్చింది. మోల్ కాన్సెప్ట్, స్టాయికియోమెట్రీ, పరమాణు నిర్మాణం, రసాయన బంధాలు. ఇంటర్‌లో పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా రుబ్బినవే. తీరా మొదటి మిడ్‌టర్మ్‌లో ఒక బొమ్మ ఇచ్చారు. డబ్బాలో కొన్ని తెల్ల గుండ్రాలు, కొన్ని నల్ల గుండ్రాలు ఉన్నాయి. చర్య పూర్తయ్యాక డబ్బాలో ఏమేం మిగులుతాయో గీయమన్నారు. అదే అంకెలిచ్చి లెక్క చేయమంటే నిమిషంలో చేసేదాన్ని. గీయమనేసరికి పెన్ను కదల్లేదు. పేపర్లో సగం అలాంటివే. మార్కులు కూడా దానికి తగ్గట్టే వచ్చాయి.

ఆ కోర్సుకి ఎస్ఐ ఉందని మొదటి రోజు క్లాసులోనే చెప్పారు. సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అన్నమాట. మా కంటే ఏడాది సీనియర్ అయిన ఒకమ్మాయి ముందుకొచ్చి తన పేరు చెప్పి, ఏ రోజు ఏ టైమైతే ఎక్కువమందికి వీలవుతుందో చేతులెత్తమని అడిగి టైమింగ్స్ పెట్టింది. నేను పట్టించుకోలేదు. సప్లిమెంటల్ అనగానే మనకి గుర్తొచ్చేది సప్లిమెంటరీ కదా, ఫెయిలైనవాళ్ల వ్యవహారం అనుకున్నాను. మిడ్‌టర్మ్ తర్వాత అకడమిక్ అడ్వైజర్ దగ్గరికి వెళ్తే ఆవిడ మొదటి ప్రశ్నే "ఎస్ఐకి వెళ్తున్నావా?"

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి. ఈ పద్ధతి పుట్టింది మా యూనివర్సిటీలోనే. 1973లో డీయానా మార్టిన్ అనే ఆవిడ వైద్య, దంత, ఫార్మసీ చదువుల్లో ఎక్కువమంది, ముఖ్యంగా మైనారిటీ వర్గాల విద్యార్థులు, మధ్యలో వెనకబడి వెళ్లిపోతున్నారని దీన్ని మొదలుపెట్టారు. ఆవిడ తెలివి ఎక్కడుందంటే, వెనకబడ్డ విద్యార్థి అని ఎవరి మీదా ముద్ర వేయలేదు. కష్టమైన కోర్సు అని కోర్సు మీద ముద్ర వేశారు. ఒక కోర్సులో సుమారు 30 శాతం, అంతకంటే ఎక్కువ మంది డి, ఎఫ్ గ్రేడ్లు తెచ్చుకోవడమో, మధ్యలో డబ్ల్యూ (విత్‌డ్రా, అంటే కోర్సు మానేసినట్టు గుర్తు) పెట్టించుకుని వెళ్లిపోవడమో జరుగుతుంటే దానికి ఎస్ఐ పెడతారు. ఆ కోర్సులో ఉన్న ఎవరైనా రావచ్చు. ఎ గ్రేడ్ వచ్చేవాళ్లూ వస్తారు. ఫీజు లేదు, హాజరు తప్పనిసరి కాదు. ఎవరు వచ్చారు ఎవరు రాలేదు అన్నది సెమిస్టర్ గ్రేడ్లు పడేదాకా ప్రొఫెసర్‌కి చెప్పరు. అందుకే అక్కడ కూర్చోవడానికి ఎవరూ సిగ్గుపడరు. మన దగ్గర మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చి, చివరి సెక్షన్ పిల్లలకి విడిగా స్టడీ అవర్స్ పెట్టే పద్ధతి చూసి వచ్చినదాన్ని కాబట్టి ఈ తేడా నాకు బాగా తెలిసింది.

ఆస్ట్రేలియాలో చదివే మనవాళ్లకి ఇదే పద్ధతి పాస్ (పీర్ అసిస్టెడ్ స్టడీ సెషన్స్) అనే పేరుతో, బ్రిటన్‌లో పాల్ (పీర్ అసిస్టెడ్ లెర్నింగ్) అనే పేరుతో కనిపిస్తుంది. పేరు వేరైనా మూలం ఇదే.

మొదటిసారి వెళ్లినప్పుడు మాత్రం ఒళ్లు మండింది. నేను ఒక డౌట్ అడిగాను. ఆ లీడర్ జవాబు చెప్పకుండా "మంచి ప్రశ్న, దీని గురించి మీలో ఎవరికైనా ఏమైనా తెలుసా?" అని గ్రూపు వైపు తిరిగింది. ఎవరో సగం చెప్పారు, ఇంకెవరో కాదన్నారు. ఆ అమ్మాయి మార్కర్ తీసి నా చేతిలో పెట్టి, ఇప్పటిదాకా అర్థమైనంత బోర్డు మీద రాయమంది. తెలిసిందాన్ని చెప్పేస్తే ఏం పోయిందమ్మా అని లోపల తిట్టుకున్నాను. మా హాస్టల్లో స్టడీ అవర్స్‌లో లెక్చరర్ వరసల మధ్య తిరుగుతుండేవాడు. డౌట్ అంటే చాలు, చకచకా చేసి చూపించేసేవాడు, మేం దించుకునేవాళ్లం. సహాయం అంటే అదే అని నా లెక్క.

అయినా మళ్లీ వెళ్లాను, ఎందుకంటే బోర్డు మీద నేను రాసినది మర్నాటికి కూడా గుర్తుంది. రెండో మిడ్‌టర్మ్‌కి ముందు మా చేత ప్రశ్నపత్రం తయారు చేయించింది. నలుగురేసి గ్రూపులుగా కూర్చుని, ప్రొఫెసర్ ఏ ప్రశ్న అడుగుతారు, ఎందుకు అడుగుతారు, తప్పు ఆప్షన్లు ఎలా పెడతారు అని ఆలోచించాం. తప్పు ఆప్షన్ తయారు చేయాలంటే జనం ఎక్కడ పడతారో తెలియాలి కదా. ఆ గంటలో నేర్చుకున్నంత కెమిస్ట్రీ అంతకుముందు నెలలో నేర్చుకోలేదు.

ఇదంతా జరుగుతుండగా మా నాన్న టెన్షన్ వేరు. ఇంటర్‌లో ప్రతి వీకెండ్ టెస్ట్ మార్కులు ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చేవి. ఇక్కడ ఏమీ రావు. "మరి మాకు మార్కులు ఎట్ల తెలుస్తయి బిడ్డా? ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టనా?" అన్నారు. పెట్టినా వాళ్లు చెప్పరు నాన్నా అంటే నమ్మలేదు. ఇక్కడ ఫెర్పా అని 1974 నాటి చట్టం ఒకటుంది. కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప మామూలుగా తల్లిదండ్రులకి కూడా గ్రేడ్లు ఇవ్వరు. ఫీజు కట్టేది మేమే కదా అని ఆయన బాధ, అందులోనూ న్యాయం ఉంది. చివరికి నేనే ప్రతి పరీక్ష తర్వాత కాన్వాస్ అనే మా కోర్సుల వెబ్‌సైట్‌లో గ్రేడ్ల పేజీ స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాను. దాంతో పిన్నివాళ్లకీ, మేనత్తవాళ్లకీ కూడా నా కెమిస్ట్రీ మార్కులు తెలిసిపోయాయి.

కోర్సు ఎ గ్రేడ్‌తో అయిపోయింది. ఆ తర్వాత ఎస్ఐ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది, లీడర్‌గా అప్లై చేయమని. ఆ కోర్సులో మంచి గ్రేడ్ ఉండాలి, ప్రొఫెసర్ సరే అనాలి, ఇంటర్వ్యూ ఉంటుంది. ఇంటర్వ్యూలో సబ్జెక్టు పెద్దగా అడగలేదు. సెషన్‌లో ఒక్కరే మాట్లాడుతూ మిగతావాళ్లు మౌనంగా ఉంటే ఏం చేస్తావు, నీకే జవాబు తెలియకపోతే ఏం చేస్తావు, ఇలాంటివి అడిగారు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలదాకా పని చేయొచ్చు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. సోషల్ సెక్యూరిటీ నంబర్‌కి వెళ్లి అప్లై చేసుకోవడం ఒక పని, అంతే.

సెమిస్టర్ ముందు ట్రైనింగ్ పెట్టారు. ఒకరు లీడర్‌గా, మిగతావాళ్లు విద్యార్థులుగా మాక్ సెషన్లు చేయించారు. విద్యార్థులుగా నటించేవాళ్లలో ఒకరికి నోరు విప్పొద్దని చెప్తారు, ఒకరికి అన్నీ తెలిసినట్టు మాట్లాడమంటారు, ఒకరికి ఫోన్ చూస్తూ కూర్చోమంటారు. నిజం క్లాసుల్లోనూ ఈ ముగ్గురూ తప్పకుండా ఉంటారని తర్వాత తెలిసింది. నేర్పినవాటిలో నాకు అన్నిటికంటే కష్టమైనది ఆగడం. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టుకోమన్నారు. వినడానికి సులువే. తీరా నిలబడి, అందరూ మన మొహమే చూస్తుంటే, నాలుగు దాకా వచ్చేసరికి జవాబు నాలుక చివరికి వచ్చేస్తుంది. పక్కింటి పిల్లాడికి ఎక్కాలు చెప్పే దగ్గర్నుంచి మనకి అలవాటైన చొరవ అది.

లీడర్ ఆ కోర్సు లెక్చర్లకి మళ్లీ కూర్చోవాలి. ఎ గ్రేడ్ వచ్చినా సరే మొదటి నుంచీ నోట్స్ రాయాలి, ఎందుకంటే ప్రొఫెసర్ ఆ వారం ఏం చెప్పారో, ఎక్కడ జనం తల గీరుకున్నారో చూసి సెషన్ ప్లాన్ చేసుకోవాలి. లీడర్ పేపర్లు దిద్దదు, మార్కులు వేయదు, లెక్చర్‌ని మళ్లీ చెప్పదు. క్లాసు ఎగ్గొట్టి సెషన్‌కి వస్తే సరిపోతుందనుకునేవాళ్లు ఒకటి రెండు సార్లకే మానేస్తారు.

ఒక సెషన్ గురించి వివరంగా చెప్తాను. లిమిటింగ్ రియేజెంట్, అంటే చర్యలో ముందుగా అయిపోయే పదార్థం, దాని లెక్కలు చేస్తున్నాం. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యే చర్య. ఒక మోల్ నైట్రోజన్‌కి మూడు మోల్‌ల హైడ్రోజన్ కావాలి (మోల్ అంటే డజను లాగా, అణువుల్ని లెక్కపెట్టే ఒక పెద్ద కొలత). 28 గ్రాముల నైట్రోజన్, 4 గ్రాముల హైడ్రోజన్ ఉంటే ముందు ఏది అయిపోతుంది అన్నది ప్రశ్న. వెనక వరసలో ఒకబ్బాయి వెంటనే "హైడ్రోజన్" అన్నాడు. రైటే. 28 గ్రాముల నైట్రోజన్ అంటే ఒక మోల్, దానికి మూడు మోల్‌ల హైడ్రోజన్ కావాల్సి ఉండగా, 4 గ్రాములంటే రెండు మోల్‌లే ఉంది. నేను టిక్ పెట్టి తర్వాతి లెక్కకి వెళ్లిపోవచ్చు. ఎందుకు అని అడిగాను. "నాలుగు, ఇరవై ఎనిమిది కంటే తక్కువ కదా" అన్నాడు.

జవాబు రైటు, కారణం తప్పు. హాస్టల్లో అయితే ఈ అబ్బాయికి పూర్తి మార్కులు పడిపోయేవి, పడ్డ తప్పు ఎంసెట్ దాకా అలాగే మోసుకెళ్లేవాడు. అలా కాదు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. హైడ్రోజన్ 4 చెరిపేసి 8 చేశాను, ఇప్పుడేంటి అన్నాను. "ఇప్పుడూ హైడ్రోజనే, ఎనిమిది తక్కువే కదా" అన్నాడు. అతని పక్కనున్న అమ్మాయి కాదంది. ఎందుకు కాదో చెప్పమంటే కాసేపు తడబడి, మోల్‌లలోకి మార్చి చూస్తే హైడ్రోజన్ నాలుగు మోల్‌లు ఉంది, కావాల్సింది మూడే, మిగిలిపోతుంది అంది. మార్కర్ ఆ అబ్బాయికిచ్చాను. బోర్డు మీద పట్టీ గీశాం: ఉన్న గ్రాములు, ఉన్న మోల్‌లు, కావాల్సిన మోల్‌లు, మిగిలేది. అతనే నింపాడు. నింపుతూ నింపుతూ "అంటే నేను ఇందాక లక్కీగా కొట్టానా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది, అతనూ నవ్వాడు. నేను ఆ రోజు మాట్లాడినది మొత్తం కలిపితే పది వాక్యాలు ఉండవు.

తర్వాత డబ్బాలో గుండ్రాల బొమ్మ కూడా గీయించాను. వెనకటి కసి కొంత, నిజంగా పనికొస్తుందని కొంత.

మన పిల్లలతో వేరే సంగతి ఉంది. సెషన్‌కి వచ్చిన తెలుగువాళ్లు కొందరు అయిపోయాక ఆగి, చుట్టూ చూసి, తెలుగులో "అక్కా, ఒక్కసారి ఇది చెప్పేయవా, టైమ్ లేదు" అంటారు. పాత పేపర్లు ఉంటే పంపమంటారు. హోమ్‌వర్క్ సొల్యూషన్లు అడిగినవాళ్లూ ఉన్నారు. అది ఇవ్వడం అకడమిక్ ఇంటెగ్రిటీ (చదువులో మోసం చేయకూడదన్న నియమాలు) కింద ఇచ్చినవాళ్లకీ, తీసుకున్నవాళ్లకీ ఇద్దరికీ చుట్టుకుంటుంది, వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం. అక్కా అని పిలిచాక కాదనడం నాకు కష్టమే. కూర్చోబెట్టి, లెక్క మొదటి వరస వాళ్ల చేతే రాయిస్తాను. సగంమంది రెండో వరసకి వచ్చేసరికి తామే చేసుకుపోతారు. మిగతా సగం మళ్లీ కనబడరు.

పరీక్ష అయ్యాక వచ్చే సెషన్ నాకు ఇష్టం. దిద్దిన పేపర్లు తెచ్చుకోమంటాను. పోయిన ప్రతి మార్కు పక్కనా కారణం రాయాలి: అసలు తెలియదా, తెలిసీ తొందరలో పోయిందా, ప్రశ్న సరిగ్గా చదవలేదా, టైమ్ చాల్లేదా. చదివేది చాలట్లేదని ఏడుపు మొహంతో వచ్చిన ఒకమ్మాయికి సగం మార్కులు యూనిట్లు మార్చడంలోనే పోయాయని అలా తేలింది. ఆ అమ్మాయికి ఇంకో పది గంటల చదువు అక్కర్లేదు, యూనిట్లు రాసే అలవాటు కావాలి.

మిగతా సహాయాలు త్వరగా చెప్పేస్తాను. ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్, అంటే విద్యార్థుల్ని కలవడానికి వాళ్లు కేటాయించే గంటలు, సిలబస్‌లోనే ఉంటాయి. తలుపు తీసే ఉంటుంది, అపాయింట్‌మెంట్ లేకపోయినా చాలాచోట్ల ఫరవాలేదు. వెళ్లేటప్పుడు మీరు ఎక్కడిదాకా చేశారో కాగితం మీద చూపించండి, ఊరికే అర్థం కాలేదు మేడమ్ అంటే వాళ్లకీ ఏం చెప్పాలో తెలియదు. వ్యాసాలు రాయాల్సిన కోర్సులకి రైటింగ్ సెంటర్ ఉంటుంది. అక్కడా గ్రామర్ తప్పులు దిద్ది చేతికివ్వరు, నువ్వు చెప్పదలచుకున్నది ఇదేనా అని అడిగి అడిగి మీ చేతే రాయిస్తారు. చూపు, వినికిడి, డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ లాంటివి ఉన్నవాళ్లకి పరీక్షలో అదనపు సమయం, విడి గది లాంటివి చట్టప్రకారం అడిగే హక్కు ఉంది. మనవాళ్లు దీన్ని అడగడానికి మొహమాటపడతారు, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని. కారణం క్లాసులో ఎవరికీ చెప్పరు, ప్రొఫెసర్‌కి కూడా ఏం సౌకర్యం ఇవ్వాలో మాత్రమే తెలుస్తుంది.

ఇంటర్నేషనల్ విద్యార్థులు ఒక విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకోవాలి. కోర్సు భారమైపోతే డబ్ల్యూ పెట్టి దిగిపోవడం ఇక్కడివాళ్లకి తేలిక. మనకి బ్యాచిలర్స్‌లో సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు ఉండాలి. దిగడం వల్ల అంతకంటే తగ్గేటట్టయితే, దిగకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. దిగాక వెళ్లి చెప్తే వీసా స్టేటస్‌కే ఎసరు. అనుమతి ఇవ్వడానికి ఒప్పుకునే కారణాల్లో ఇంగ్లిష్‌తో మొదట్లో వచ్చే ఇబ్బంది, చదవాల్సినదాని భారం, అమెరికా బోధనా పద్ధతి అలవాటు లేకపోవడం, సరిపడని కోర్సులో పడటం ఉన్నాయి. అంటే మనం లోలోపల సిగ్గుపడే విషయమే రూల్స్‌లో రాసిపెట్టి ఉంది. అలా తగ్గించుకున్నా కనీసం సగం లోడ్ ఉండాలి, తర్వాతి సెమిస్టర్ మళ్లీ పూర్తి లోడ్‌కి రావాలి, ఒక డిగ్రీ స్థాయిలో ఈ వెసులుబాటు ఒక్కసారే.

సెమిస్టర్ చివర్లో ఎస్ఐ ఆఫీసు లెక్కలు తీస్తుంది. సెషన్లకి వచ్చినవాళ్ల సగటు గ్రేడ్ ఎంత, రానివాళ్లది ఎంత, డి, ఎఫ్, డబ్ల్యూలు ఎటువైపు ఎన్ని. సగటున వచ్చినవాళ్లదే పైచేయి. చూసి నేనూ సంబరపడ్డాను, కానీ వారం వారం లేచి వచ్చేవాళ్లు ఎస్ఐ లేకపోయినా ఎలాగోలా చదువుకునే రకమేమో కదా. ఈ రంగంలో పరిశోధన చేసేవాళ్లు కూడా ఈ ప్రశ్న వేసుకుంటారు. పాత మార్కులు ఒకేలా ఉన్నవాళ్లని పోల్చి చూడటం లాంటివి చేస్తారు. నా వరకు నేను నమ్మేది ఆ పట్టికని కాదు, మోల్‌ల పట్టీ నింపిన అబ్బాయి లాంటివాళ్లని.

అసలు అవసరం ఉన్నవాళ్లు రాకపోవడమే పెద్ద సమస్య. రెండు ఉద్యోగాలు చేస్తూ చదివే స్థానిక విద్యార్థులు, సాయంత్రం సెషన్ టైమ్‌కి బస్సు దొరకనివాళ్లు ఉంటారు. వాళ్ల కోసం ఈ సెమిస్టర్ ఒక సెషన్‌ని ఆన్‌లైన్‌కి మార్చాం. ఆన్‌లైన్‌లో పది లెక్కపెట్టడం ఇంకా కష్టం, అందరి కెమెరాలూ ఆఫ్‌లో ఉంటే నిశ్శబ్దమో, నెట్ పోయిందో తెలియదు. చాట్‌లో ముందు జవాబు టైప్ చేసి, నేను చెప్పేదాకా ఎంటర్ కొట్టొద్దని, తర్వాత అందరూ ఒకేసారి పంపాలని పెట్టాను. అది బాగానే పనిచేస్తోంది. వచ్చే సెమిస్టర్ నన్ను ఆర్గానిక్ కెమిస్ట్రీకి వేస్తామంటున్నారు, దాని పాత నోట్స్ ఇప్పుడే తీసి పెట్టుకున్నాను.